అప్‌డేట్ తర్వాత ఆగిన స్క్రిప్టులు: మార్పును వెనక్కి తీసుకోవడానికీ ఒక గడువుంటుంది

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ధర్మకాంటా పక్కన చిన్న గదిలో ఉండే కంప్యూటర్ లాంటివి కొన్ని ఉంటాయి, పని చేస్తున్నంత కాలం వాటిని ఎవరూ ముట్టుకోరు. లారీ కాంటా ఎక్కుతుంది, బరువు స్క్రీన్ మీద పడుతుంది, అక్కడి నుంచి నెట్‌వర్క్ వైరు మీద ఆఫీసు కంప్యూటర్‌కు చేరుతుంది, చిట్టీ ప్రింట్ అవుతుంది. ఇలాంటి చోట మధ్యలో పని నడిపించేది పది పదిహేను లైన్ల స్క్రిప్టు, అంటే కమాండ్లను వరసగా నడిపే చిన్న ప్రోగ్రామ్, ఎప్పుడో నల్లగొండలో ఇంజనీరింగ్ చదివిన పిల్లగాడో, సీసీ కెమెరాలు పెట్టడానికి వచ్చిన టెక్నీషియనో రాసిచ్చి పోయినది. రాసినవాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడో డాలస్‌లో ఉన్నాడో మిల్లువాళ్లకు తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ అయ్యి, నెట్‌వర్క్ కమాండ్ ఇచ్చే జవాబులో రెండు మాటలు అటూ ఇటూ అయితే చాలు, స్క్రిప్టు ఆగుతుంది, యాసంగి వడ్ల లారీలు గేటు బయట నిలబడతాయి, ఇక టెన్షన్ మొదలు.

మార్పు చేసినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవాలా, స్క్రిప్టు పెట్టుకున్నవాళ్లే సర్దుకోవాలా? ఈ వాదన ఎప్పుడు లేచినా తప్పు ఎవరిదనే దగ్గరే తిరుగుతూ ఉంటుంది. అంతకంటే ముందు అడగాల్సింది, ఆ తేడా ఎన్నాళ్లకు బయటపడింది అని. మార్పు వచ్చిన కొద్ది వారాల్లో తేలితే వెనక్కి తీసుకోవడం చౌక. ఏడాది దాటాక తేలితే, వెనక్కి తీసుకోవడమే మరో కొత్త మార్పయి ఇంకొందరి స్క్రిప్టులను ఆపుతుంది.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో దీనికి మంచి ఉదాహరణ ‘ఐపీ రూట్ గెట్’ అనే కమాండ్. మెషీన్ సొంత ఐపీ అడ్రస్ తెలుసుకోవడానికి చాలామంది దీన్ని వాడేవాళ్లు: గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఏ దారిన పోతావు అని అడిగితే, ఫలానా గేట్‌వే మీదుగా, ఫలానా కార్డు నుంచి, ఫలానా సోర్స్ అడ్రస్‌తో అని ఒక లైను వచ్చేది, ఆ లైనులో చివరి మాట సోర్స్ అడ్రస్, అంటే 192.168.1.5 లాంటిది. లైనులోంచి మాటలు ఏరే ఆక్ అనే టూల్‌తో చివరి మాట పట్టుకుంటే పని అయిపోయింది. ఇంటర్నెట్‌లో ఈ ఒక్క లైను చిట్కా విపరీతంగా తిరిగింది, ఇన్‌స్టాలేషన్ స్క్రిప్టుల్లోకి చేరింది, అలా కాపీల మీద కాపీలై ఎక్కడెక్కడికో పోయింది.

2017 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ కెర్నల్, అంటే ఆ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం, 4.10వ వెర్షన్‌లో యూజర్ ఐడీని బట్టి రూటింగ్ చేసే సౌకర్యం చేరింది. ఆండ్రాయిడ్‌లో ఒక్కో యాప్‌కు ఒక్కో యూజర్ ఐడీ ఉంటుంది కాబట్టి, వీపీఎన్ లాంటివి యాప్‌వారీగా నడపడానికి అది ఆండ్రాయిడ్ వాళ్లకు కావాలి, ఏళ్ల తరబడి వాళ్లు సొంతంగా మోసుకుంటున్న ప్యాచే, అంటే కోడ్ మార్పే, చివరికి అసలు కెర్నల్‌లోకి వచ్చింది. తప్పు పట్టడానికేమీ లేదు. కానీ దాంతో ‘ఐపీ రూట్ గెట్’ జవాబు చివర ‘యూఐడీ 1000’ (యూజర్ ఐడీ నంబర్) అని రెండు మాటలు చేరాయి. చివరి మాట పట్టుకునే స్క్రిప్టుకు ఇప్పుడు ఐపీ అడ్రస్ బదులు 1000 దొరికింది. అదే స్క్రిప్టు రూట్ యూజర్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా, నడుస్తుంటే 0 దొరికింది. ఎర్రర్ రాదు, స్క్రిప్టు ఆగదు, 1000నే మెషీన్ అడ్రస్ అనుకుని బరువులు పంపడానికి బుద్ధిగా ప్రయత్నిస్తూ ఉంటుంది. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే స్క్రిప్టు కంటే ఇది వంద రెట్లు అధ్వాన్నమైన రకం, ఎందుకంటే వెతికేవాడు ముందు వైరు మారుస్తాడు, తర్వాత స్విచ్ మారుస్తాడు, ఆ తర్వాత నెట్ కంపెనీకి ఫోన్ చేసి తిడతాడు.

దీన్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి? కెర్నల్ వైపు ఒక కఠినమైన నియమం ఉందని అందరికీ తెలుసు: యూజర్ ప్రోగ్రామ్‌లు పని చేయకుండా పోయే మార్పు కెర్నల్‌లో రాకూడదు, వస్తే అది కెర్నల్ బగ్గే, ప్రోగ్రామ్ ఎంత చెత్తగా రాసి ఉన్నా సరే. 2012 డిసెంబరులో ఒక మెయింటెయినర్ (కెర్నల్‌లో ఒక భాగాన్ని చూసుకునేవాడు) మీడియా డ్రైవర్ల వైపు వచ్చిన ఇలాంటి సమస్యను ఆడియో ప్రోగ్రామ్ మీదికి నెట్టబోతే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అందరి ముందే ఎంత ఘాటుగా అరిచాడో ఆ ఈమెయిల్ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. భాష సంగతి పక్కన పెడితే, నియమం మాత్రం సరైనదే. అయితే యూఐడీ విషయంలో కెర్నల్ ఆ నియమం తప్పలేదు. కెర్నల్‌కూ ఐపీ టూల్‌కూ మధ్య మాటలు నెట్‌లింక్ అనే సందేశాల్లో నడుస్తాయి, అందులో తెలియని కొత్త అంశం కనబడితే పట్టించుకోకుండా దాటేయాలన్నది మొదటి నుంచీ ఉన్న పద్ధతి. కెర్నల్ ఒక కొత్త అంశం చేర్చింది, టూల్ దాన్ని చదివి తెర మీద చూపించింది, స్క్రిప్టు ఆ తెర మీది అక్షరాలను లెక్కపెట్టుకుంటోంది. కెర్నల్ వాళ్లు మా సందేశం బాగానే ఉందంటారు. టూల్ వాళ్లు ఆ అక్షరాలు మనుషులు చదవడానికి, స్క్రిప్టులకు కాదంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే, లారీ మాత్రం గేటు దగ్గరే ఉంది.

గూగుల్‌లో ఇంజనీర్‌గా పనిచేసిన హైరమ్ రైట్ పేరు మీద ఒక సూత్రం చెబుతారు: వాడేవాళ్లు తగినంతమంది ఉంటే, మీరు హామీ ఇచ్చారా లేదా అన్నదానితో పని లేదు, బయటికి కనబడే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారు. జవాబులో చివరి మాట ఐపీ అడ్రస్సే ఉంటుందని ఐపీ టూల్ రాసినవాళ్లు ఎక్కడా మాట ఇవ్వలేదు, అయినా వేలమంది దాని మీదే బండి నడిపారు. దీన్ని వాడేవాళ్ల అజ్ఞానం అనడం పెద్ద పొరపాటు. స్క్రిప్టు రాసేవాడికి ముందున్నది ఆ జవాబు ఒక్కటే, ఏళ్ల తరబడి అది మారలేదు కూడా.

మరి దీన్ని వెనక్కి తీసుకోవాల్సిందా? 2017 వసంతంలో ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే బహుశా టూల్‌లో ఆ రెండు మాటలు మామూలుగా దాచిపెట్టి, వివరాలు కావాలన్నప్పుడే చూపించేలా చేయడం పెద్ద పనేమీ కాదు. కానీ అడిగేవాళ్లు అప్పటికి లేరు. స్క్రిప్టులు నడిచే మెషీన్లలో చాలావి ఉబుంటు అనే లినక్స్ రకం లాంగ్ టర్మ్ సపోర్ట్ వెర్షన్ల మీద ఉంటాయి, 16.04లో పాత కెర్నల్ 4.4, తర్వాతి 18.04 వచ్చింది 2018 ఏప్రిల్‌లో. అంటే మార్పు పుట్టిన పద్నాలుగు నెలలకు గానీ అది మామూలు జనం దాకా రాలేదు. ఆ తర్వాత కూడా మిల్లుల్లాంటి చోట సీజన్ అయ్యేదాకా అప్‌గ్రేడ్ చేయరు, చేయకూడదు కూడా. ఈ లోపల యూఐడీ చూసుకునే స్క్రిప్టులు ఇంకోవైపు పుట్టేశాయి. హైవేకి బైపాస్ పడిన మొదటి నెలలో అయితే బస్సులను మళ్లీ ఊళ్లోంచి తిప్పొచ్చు, బైపాస్ మీద హోటళ్లూ పెట్రోలు బంకులూ లేచాక తిప్పితే ఊళ్లో దుకాణాలు బతుకుతాయి, బైపాస్ మీదివి మూతపడతాయి. యూఐడీ అలాగే ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది.

ఇక్కడ కెర్నల్ తయారయ్యే వరస కొంచెం తెలియాలి. తొమ్మిది పది వారాలకో కొత్త కెర్నల్ వస్తుంది: మొదటి రెండు వారాల్లో కొత్త మార్పులన్నీ లోపలికి తీసుకుంటారు, ఆ తర్వాత ఏడెనిమిది వారాలు వారానికొక పరీక్ష వెర్షన్ వదులుతూ తప్పులు దిద్దుతారు. ఈ వారాల్లో ఎవరైనా ఫలానా ప్యాచ్ వచ్చాక నా స్క్రిప్టు ఆగిందని చూపిస్తే, దిద్దడం కుదరకపోతే ఆ ప్యాచ్‌ను రివర్ట్ చేస్తారు. రివర్ట్ అంటే చరిత్రను చెరిపేయడం కాదు, పాత మార్పును తిరగేసే ఇంకో ప్యాచ్ వేయడం, ఎందుకు తిరగేశారో కూడా అందులో రాస్తారు. అప్పుడు దాని మీద ఇంకేమీ కట్టి ఉండదు కాబట్టి తీయడం తేలిక, ఆ ప్యాచ్ రాసినవాడికి తప్ప ఎవరికీ బాధ ఉండదు, వాడు కూడా సరిచేసుకుని తర్వాతి విడతలో మళ్లీ తేవచ్చు. ఇబ్బంది ఏంటంటే, ఆ ఏడెనిమిది వారాల్లో పరీక్ష కెర్నల్ వాడి చూసేవాళ్లు వేరు, స్క్రిప్టుల మీద బతికేవాళ్లు వేరు. పాలమూరులో మీసేవ నడిపేవాడో, సూర్యాపేటలో కేబుల్ ఇంటర్నెట్ ఇచ్చేవాడో పరీక్ష కెర్నల్ వేసుకుని కూర్చోడు కదా.

నెట్‌వర్క్ కార్డుల వివరాలు చూపించే పాత కమాండ్ ఐఎఫ్‌కాన్ఫిగ్ కథ ఇంకా గమ్మత్తు. అందులో అడ్రస్ ముందు ‘ఇనెట్ ఏడీడీఆర్’ అని, పక్కన రెండు చుక్కల గుర్తు వచ్చేది, కొత్త వెర్షన్‌లో అది ఒట్టి ‘ఇనెట్’ అయ్యి గుర్తు ఎగిరిపోయింది, కార్డు హార్డ్‌వేర్ అడ్రస్ ముందుండే మాట కూడా మారింది. మాటలు వెతికే గ్రెప్ అనే టూల్‌తో ఆ మాట పట్టుకుని, రెండు చుక్కల దగ్గర కోసే స్క్రిప్టులన్నీ ఖాళీ జవాబు ఇవ్వడం మొదలెట్టాయి. డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ (కెర్నల్, టూల్స్ అన్నీ కలిపి ఒక మూటగా ఇచ్చేది) వాడేవాళ్లకు ఇది 2017 జూన్‌లో వచ్చిన 9వ వెర్షన్‌తో తగిలింది. అదే వెర్షన్‌లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన మెషీన్లలో ఐఎఫ్‌కాన్ఫిగ్ మామూలుగా రావడమే మానేసింది, పైగా ఈత్0 అనే కార్డు పేరు పోయి ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేర్లు వచ్చాయి. ఒకే స్క్రిప్టులో మూడు చోట్ల దెబ్బ.

అయితే ఈ మూడింటిలో పేర్ల మార్పును డెబియన్ నడిపిన తీరు బాగుంది. పేర్లు ఎందుకు మార్చారన్నదానికి గట్టి కారణమే ఉంది: రెండు నెట్‌వర్క్ కార్డులున్న మెషీన్‌లో బూట్ అయ్యేటప్పుడు ఏది ముందు కనబడితే అది ఈత్0 అవుతుంది, ఒక్కోసారి అవి తారుమారై ఇంటర్నెట్ వైపు పెట్టిన ఫైర్‌వాల్ నియమాలు లోపలి వైపుకు పోతాయి. అందుకే లినక్స్‌లో బూట్‌నూ సర్వీసులనూ నడిపే సిస్టమ్‌డీ 2013 జనవరిలో 197వ వెర్షన్‌లో కార్డు ఏ స్లాటులో ఉందో దాన్ని బట్టి పేరు పెట్టే పద్ధతి తెచ్చింది. డెబియన్ చేసిందేమిటంటే, పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ అయిన మెషీన్లలో పాత పేర్లను కదపలేదు, కొత్త పద్ధతి కొత్త మెషీన్లకే. కొత్త మెషీన్‌లో కూడా వద్దనుకుంటే బూట్ లైనులో ‘నెట్ ఐఎఫ్‌నేమ్స్ 0’ అని రాస్తే పాత పేర్లు వస్తాయి. తర్వాత ఆ కొత్త పేర్ల పద్ధతి కూడా వెర్షన్ వెర్షన్‌కూ కొద్దిగా మారుతోందని గోల వస్తే, 2018 డిసెంబరులో 240వ వెర్షన్ నుంచి ‘నాకు ఫలానా వెర్షన్ పేర్లే కావాలి’ అని తాళం వేసుకునే వీలు ఇచ్చారు. ఈ తాళం మొదటి రోజే ఉండాల్సింది.

ఇదే తరహాలో మధ్యలో ఉండే డిస్ట్రిబ్యూషన్ కూడా జనాన్ని కాపాడగలదు. 2016లో సిస్టమ్‌డీ 230 వచ్చినప్పుడు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) నుంచి లాగౌట్ అయితే ఆ యూజర్ వదిలిన ప్రాసెస్‌లన్నీ చంపేయడం డిఫాల్ట్‌గా పెట్టారు. రాత్రి డౌన్‌లోడ్ పెట్టి కనెక్షన్ తీసేసి పడుకునేవాళ్లకు ఇది పిడుగే. అసలు ప్రాజెక్టు పట్టు విడవలేదు, డెబియన్ మాత్రం తన ప్యాకేజీలో దాన్ని పాత తీరుకు తిప్పేసింది.

అడిగినవాళ్లకే కొత్త ప్రవర్తన ఇవ్వడం అన్నిటికంటే మంచి పద్ధతి, అదెలా ఉంటుందో కెర్నల్ నెట్‌వర్కింగ్‌లోనే ఉంది. రూటింగ్ టేబుల్ చూపించు అని అడిగే సందేశంలో ఐపీ టూల్ ఏళ్ల తరబడి ఒక తప్పుడు హెడర్ పంపేది, కెర్నల్ దాన్ని చూడకుండా వదిలేసేది. 2018లో కెర్నల్ వాళ్లకు ఆ హెడర్‌ను కచ్చితంగా చదివి, అందులో అడిగిన వివరాలే ఇవ్వాల్సిన అవసరం వచ్చింది. ఉన్నట్టుండి కచ్చితం చేస్తే పాత టూల్ ఉన్న ప్రతి మెషీనూ ఎర్రర్ ఇస్తుంది. అందుకని 4.20లో ఒక కొత్త సాకెట్ ఆప్షన్ పెట్టారు: నన్ను కచ్చితంగా పరీక్షించు అని ప్రోగ్రామ్ ముందుగా చెబితేనే పరీక్ష, చెప్పనివాళ్లకు పాత పద్ధతే. ఎవరి పనీ ఆగలేదు, దీని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు కూడా.

విండోస్ వైపు ఇలా జరగనప్పుడు ఏమవుతుందో 2021 సెప్టెంబరులో ప్రింటర్ షేరింగ్ పెట్టుకున్నవాళ్లందరూ చూశారు. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లాంటివి తీసుకోండి, ప్రింటర్ ఒక కంప్యూటర్‌కు తగిలించి ఉంటుంది, మిగతా రెండు మూడు కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద దాన్నే వాడతాయి, పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట అయితే పొద్దున్నే ‘నెట్ యూజ్ ఎల్‌పీటీ1’ అని ఒక బ్యాచ్ ఫైలు నడిచి ప్రింటర్‌ను కలుపుతుంది. ప్రింట్ పనులను వరసలో పెట్టే ప్రింట్ స్పూలర్‌లో ఒక భద్రతా లోపానికి మైక్రోసాఫ్ట్ జనవరిలోనే ప్యాచ్ ఇచ్చింది, సెప్టెంబరు అప్‌డేట్‌తో దాన్ని తప్పనిసరి చేసింది. ప్రింటర్ ఉన్న మెషీనూ వాడుకునే మెషీనూ రెండూ సరిపోలకపోతే 11బి ఎర్రర్. ఎనిమిది నెలల ముందే చెప్పాం కదా అనొచ్చు, చెప్పింది కూడా నిజమే, కానీ జనవరిలో పెట్టిన ఆ నోటీసు జిరాక్స్ షాపువాడు చదివే చోట లేదు.

ఇక్కడే అసలు నష్టం. విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఒక విలువ 0 చేస్తే ఆ ఒక్క తనిఖీ ఆగి ప్రింటర్ కలుస్తుంది, కానీ ఆ సంగతి తెలిసేలోపు చాలామంది చేసింది మొత్తం అప్‌డేట్‌నే అన్‌ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ రాకుండా ఆపేయడం. విండోస్ 10లో నెలవారీ అప్‌డేట్ అంతా ఒకే మూట, ఒక ప్యాచ్ తీసేసి మిగతావి ఉంచుకోవడం కుదరదు, కాబట్టి ప్రింటర్ కోసం ఆ నెలలో వచ్చిన భద్రతా ప్యాచ్‌లన్నీ పోతాయి. కంపెనీ వెనక్కి తీసుకోకపోతే జనం తామే వెనక్కి తీసుకుంటారు, వాళ్ల చేతిలో ఉన్నది మొద్దు గొడ్డలి. అందుకే భద్రత కోసం చేసిన మార్పును రివర్ట్ చేయకూడదనేది ఒప్పుకున్నా, దాన్ని ఒక్కదాన్నే ఆపుకునే చిన్న స్విచ్ ఇవ్వాలి, ఆ స్విచ్ పేరు ఎర్రర్ మెసేజ్‌లోనే రాయాలి. ఉత్త నంబర్ ఇస్తే లాభం లేదు.

అన్నిటికీ రివర్టే మందు అనుకోవడం కూడా సరికాదు. సర్వర్ ట్యూనింగ్ స్క్రిప్టుల్లో ‘టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్’ అనే సెట్టింగ్ ఒకప్పుడు అందరూ కళ్లు మూసుకుని 1 పెట్టేవాళ్లు, మూసిన కనెక్షన్లు త్వరగా ఖాళీ అవుతాయని. అది ఒక్కో ఐపీ అడ్రస్ నుంచి చివరగా వచ్చిన టైమ్‌స్టాంప్ గుర్తుపెట్టుకుని, అంతకంటే పాతది వస్తే పడేసేది. దేవరకొండలో ఒక ఇంట్లో నాలుగు ఫోన్లు ఒకే వైఫై మీద, అంటే బయటికి ఒకే ఐపీ మీద ఉన్నాయనుకుంటే, ఒక ఫోన్ గడియారం ఒక లెక్కలో, ఇంకో ఫోన్‌ది ఇంకో లెక్కలో ఉంటుంది కాబట్టి ఒకరికి సైట్ తెరుచుకుంటుంది, పక్కనే ఉన్నవాళ్లకు తిరుగుతూనే ఉంటుంది. 4.10లో టైమ్‌స్టాంపులు కనెక్షన్‌కో తీరుగా మారాక అది పూర్తిగా పనికిరాకుండా పోయింది, 2017 జులైలో 4.12లో దాన్ని పీకేశారు. దాంతో ఆ లైను ఉన్న స్క్రిప్టులన్నీ అలాంటి ఫైలే లేదని ఎర్రర్ ఇచ్చాయి, మొదటి ఎర్రర్‌కే ఆగేలా రాసినవి అక్కడే ఆగాయి. దీన్ని ఎవరూ వెనక్కి తేలేదు, తేనక్కర్లేదు. ఆ సెట్టింగ్ పని చేస్తున్నప్పుడే జనానికి నష్టం చేస్తోంది, పైగా పీకేశాక వచ్చిన ఎర్రర్ ఏ లైను తీసేయాలో నేరుగా చెప్పింది.

స్క్రిప్టు రాసే పిల్లగాళ్ల వైపు నుంచి చేయగలిగింది కొంత ఉంది, పెద్ద కష్టం కూడా కాదు. చివరి మాటను పట్టుకోకుండా ‘ఎస్ఆర్‌సీ’ అనే మాట వెతికి దాని పక్కది తీసుకుంటే యూఐడీ వచ్చినా ఏమీ కాదు. ఐపీ టూల్‌కు ‘జే’ ఆప్షన్ ఇస్తే జవాబు జేసన్‌లో, అంటే ప్రతి విలువకూ పేరుండే రూపంలో, వస్తుంది, అందులో కొత్త అంశాలు చేరినా పాతవి వాటి పేర్లతోనే ఉంటాయి. కార్డు హార్డ్‌వేర్ అడ్రస్ లాంటివి ‘సిస్ క్లాస్ నెట్’ ఫోల్డర్‌లో ఒక్కో ఫైలుగా దొరుకుతాయి, వాటిని కెర్నల్ వాళ్లు తేలిగ్గా కదపరు. వచ్చిన జవాబు ఐపీ అడ్రస్‌లా ఉందా అని ఒక్క లైను తనిఖీ పెడితే 1000ని అడ్రస్ అనుకునే ప్రమాదం తప్పుతుంది.

అప్‌గ్రేడ్ తర్వాత ఏదైనా ఆగితే ముందు చేయాల్సింది, బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఇంకా ఉంటే దాంతో బూట్ చేసి అదే స్క్రిప్టు నడిపి చూడడం. మిగతాదంతా కొత్తదే ఉండి కెర్నల్ ఒక్కటే పాతదైనప్పుడు పని చేసిందంటే తేడా కెర్నల్ నుంచి వచ్చింది. యూఐడీ సంగతి ఇలాగే తేలుతుంది, పాత కెర్నల్ ఆ అంశం పంపదు కాబట్టి కొత్త ఐపీ టూల్ కూడా దాన్ని చూపించదు. పాత కెర్నల్‌తోనూ పని చేయకపోతే టూల్‌నో డిస్ట్రిబ్యూషన్‌నో చూడాలి, ఐఎఫ్‌కాన్ఫిగ్ జవాబు రూపం మారడం ఈ రకం. ఎక్కడిదో తేలాక పాత వెర్షన్ నంబర్, కొత్త వెర్షన్ నంబర్, ఇచ్చిన కమాండ్, రెండింటిలో వచ్చిన రెండు జవాబులు, ఈ నాలుగూ పెట్టి బగ్ రిపోర్ట్ రాస్తే అవతలివాళ్లు దాన్ని పక్కన పెట్టడం కష్టం. అదీ అప్‌గ్రేడ్ అయిన వారంలోనే రాయాలి, వచ్చే వానాకాలం వడ్లు వచ్చేదాకా ఆగితే అప్పటికి ఆ మార్పు మీద ఇంకో మూడు కెర్నల్ వెర్షన్లు వచ్చి కూర్చుంటాయి.